హ్యాచ్ బిగించింది నేనే

అక్టోబర్‌లో ఓడ ఎక్కాను. వాషింగ్టన్ తీరం. మూడు రోజులుగా వాన. సముద్రంలో మైన్లు, అంటే నీళ్లలో దాచిన బాంబులు, ఏరేసే నేవీ ఓడ మాది. కొన్ని మైన్లు ఇనుముని పసిగడతాయి కాబట్టి చెక్కతో కట్టారు. డెక్ మీద, మైన్ల గొలుసుల్ని తెంపడానికి నీళ్లలోకి దించే తీగల పని నాది.

మా చీఫ్ మొదటిరోజే ఒక పాత ఫొటో చూపించాడు. రెండు పక్కలా నీళ్లచక్రాలున్న ఓడ. నూరేళ్ల కిందట విహారానికి తిప్పే అలాంటి ఓడల్ని మైన్ల పనికి పెట్టారట.

"లోతు లేని నీళ్లలోనూ తేలేవి. కానీ తీగకి చిక్కిన మైన్ చక్రంలోకి వచ్చిందా, అంతే," అన్నాడు.

కింద గదిలో, నీళ్లలో ఏది ఎంత దూరముందో శబ్దంతో పసిగట్టే సోనార్ చూసేది శ్రావ్య. అక్కడికి దగ్గర్లోని రెడ్‌మండ్‌లో పుట్టిన తెలుగమ్మాయి. నన్ను అన్నా అనేది.

నాలుగో వారం, ఒక చేపల పడవ వలకి యుద్ధకాలపు మైన్ తగిలిందని కబురొచ్చింది. ఉదయం 7:40కి తీగ దించాం. పొగమంచు. 8:15కి తీగ బిగుసుకుంది. తీగకున్న కత్తెర మైన్ గొలుసుని తెంపలేదు. రెండూ మెలిపడ్డాయి. ఇంజన్ నడిపితే మైన్ మా వెంటే వస్తుంది. ఆపితే అల దాన్ని మా మీదికి తోస్తుంది.

కెప్టెన్ అందర్నీ పైకి రమ్మన్నాడు. మైన్ ఎంత దూరముందో చెప్పడానికి శ్రావ్య కిందే ఉండాలి. ఆమె గదికి పైనుండే మూత, హ్యాచ్, మూసెయ్యాలి. లోపలికి నీళ్లొచ్చినా తెరవకూడదు. తెరిస్తే ఓడంతా మునుగుతుంది. హ్యాచ్ పక్కనున్నది నేను.

"అన్నా, క్లోజ్ చేస్తున్నావా?"

"ఆర్డర్, శ్రావ్యా."

"ఓకే. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

ఎనిమిది పిడులూ బిగించాను. ఫోన్ చెవికి తగిలించుకుని అక్కడే కూర్చున్నాను.

"ఫార్టీ మీటర్స్." చాలాసేపటికి, "థర్టీ ఫైవ్."

తీగ కోయడానికి డైవర్ నీళ్లలోకి దిగాడు.

"ట్వంటీ టూ. అన్నా, ఏదైనా మాట్లాడు ప్లీజ్."

మా అమ్మ పులిహోర ఎలా కలుపుతుందో చెప్పడం మొదలుపెట్టాను. శ్రద్ధగా వింది.

"ఇంగువ మర్చిపోయావు," అంది. వెంటనే, "ఎయిటీన్."

నా వేళ్లు పిడి మీదే ఉన్నాయి.

11:05కి డైవర్ తీగ కోశాడు. ఓడ మెల్లగా ముందుకి కదిలింది. మధ్యాహ్నం దూరం నుంచి మైన్‌ని పేల్చేశారు.

ఇప్పుడు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటున్నాను. పార్టీల్లో ఎవరో ఒక ఆంటీ అడుగుతుంది, "భయం వేయలేదా నాన్నా?" అని. "వేసింది ఆంటీ," అంటాను. అంతకు మించి చెప్పను.

ఆ పేలుడు నాకు సరిగా గుర్తులేదు. హ్యాచ్ తెరిచిన క్షణం మాత్రం కళ్లముందు నుంచి కదలదు. శ్రావ్య నిచ్చెన ఎక్కి వస్తోంది, ఒట్టి కాళ్లతో. బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడలో వేసుకుంది. ఈతకి సిద్ధమై కూర్చుంది. నీళ్లొస్తే నేను తెరుస్తాననుకుంది.