చిన్న ఈరన్న బీడు

మా ఊర్లో ఎవరన్నా పనికిమాలిన పని చేస్తే ఇప్పటికీ "ఏందప్పా, చిన్న ఈరన్న మాదిరి చేస్తాండావు" అంటారు. ఆయన నాకు మేనమామ, మా అమ్మకు సొంత తమ్ముడు. ఆ మాట నా చెవిన పడితే నేను ఊరుకోను. నడిబజార్లో అయినా సరే, నోరు ముయ్యమంటా. ఆ మనిషి చేసిందేందో నవ్వేవాళ్లలో ఒక్కరికి గూడా సరింగా తెలీదు. తెలిసిన దాన్ని నేనొకత్తిని మిగిలినా, అందుకే చెప్తాండా.

మాది ఆత్మకూరు సంతకు పోయే తోవలో, బండ్లదావ పట్టి లోపలికి నడిస్తే వచ్చే పల్లె. ఊరికి పడమర ఒక గట్టు, ఆ గట్టు మీద బీడు. ఇప్పుడు పోయి చూసి "ఈడేముండాదవ్వా, రాళ్లు తప్ప" అంటారు పిల్లోళ్లు. మీకేం తెలుసురా. నేను పరికిణీలు కట్టే దినాల్లో ఆడ నడుమెత్తు గడ్డి. తొలివాన పడి నాలుగు దినాలైతే గట్టంతా పచ్చంగా లేచేది, గాలి తోలితే ఒకపక్కకు వాలి మళ్లా లేచేది. ఎండినాంక కోసి మోపులు కట్టేటప్పుడు వచ్చే వాసన ఉండాదే, అది తలుచుకుంటే ఈ వయసులో గూడా నాకు మా అమ్మ గుర్తుకొచ్చి కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

తొలకరికి ఊరు "బీడు కట్టేది". కట్టేదంటే కంచె గాదు. బండ్లదావకు అడ్డంగా యాపమండలు గుచ్చిన తాడు ఒకటి, అంతే. ఆ తాడు దాటి గొడ్డు పోగూడదు, గొర్రె పోగూడదు, కట్టెలకని మనిషి గూడా పోగూడదు. దసరా అయినాంక తాడు ఇప్పి ఊరంతా ఒకేసారి గడ్డికి దిగేది. ఎండాకాలం పశువులకు ఆ గడ్డే దిక్కు గాబట్టి ఎవరూ తప్పేవాళ్లు గాదు. నడమ నెలల్లో బీటిని కాసేదానికి ఒక మనిషిని పెట్టినారు. ఆ మనిషే మా మామ. సెంటు భూమి లేదు ఆయనకు. బీడు కాసినందుకు ఇంటింటికీ ఇన్ని జొన్నలు పెట్టేవాళ్లు, మిగతా దినాలు ఆయన, మా భీమమ్మత్త కూలికి పోయేవాళ్లు.

ఆ బీట్లో బట్టమేక పిట్టలుండె. పిట్ట అంటే పిచ్చుకంత అనుకునేరు. నిలబడితే నా నడుము దాకా వచ్చేది. తెల్లటి మెడ, నెత్తిన నల్లగా టోపీ పెట్టినట్లు, నడకేమో ఊరి పెద్దరెడ్డి నడక. వానలకు మగది మెడ కింద తిత్తి ఊదుకుని గట్టు మీద నిలబడి బొంగురుగా అరిస్తే ఆ అరుపు ఊర్లోకి వినపడేది. అది విని ఆడోళ్లు విత్తనాలు చెరిగేదానికి కూర్చునేవాళ్లు. ఆడది ఏడాదికి ఒకటే గుడ్డు పెడతాది, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. మా మామ ఆ గుడ్డు ఎక్కడుండాదో తెలుసుకుని, ఆ పక్కకు ఎవరినీ పోనిచ్చేవాడు గాదు. కర్నూలు నుంచి తుపాకులేసుకుని జీపుల్లో వేటకు వచ్చేవాళ్లకు "పిట్టలా దొరా, ఆ తట్టు పోయినాయి" అని ఊరవతల జాలిముండ్లలోకి దోవ చూపించేవాడు. వాళ్లు గుడ్డలు చింపుకుని తిట్టుకుంటా పోయేవాళ్లు.

పిల్లల్లేరు గాబట్టి పిట్ట మీద పానం పెట్టుకున్నాడని పక్కూరోళ్లు అనేవాళ్లు. పిల్లల్లేకపోయేదేంది, ముగ్గురుండిరి, పొద్దు మునిగితే సంగటికి ఏడ్చేవాళ్లే. తెలీకుండా మాట్లాడేది మనుషులకు అలవాటు. ఆయనకు ఆ పిట్ట అంటే ఇష్టం, అంతే. దానికి కారణం యాడ నుంచి తెచ్చేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఊరు మారిపాయె. అందరికీ బుడ్డల పిచ్చి, అదే వేరుశెనగ పిచ్చి పట్టింది. కొర్రలు, జొన్నలు పండే చేన్లన్నీ బుడ్డలే. అప్పుడే సర్కారోళ్లు బీడు కొలిచి భూమి లేనోళ్లకు పంచుతామనిరి. కొలతలేసే అమీను గొలుసు పట్టుకుని గట్టంతా తిరిగె. చావిడి ముందర చీట్లు వేసినారు. మా అత్త తీసిన చీటికి గట్టు పైభాగం నాలుగెకరాలు వచ్చె. మా అత్త సామాన్యంగా నవ్వే మనిషి గాదు. ఆ పొద్దు మాత్రం చీటి పట్టుకుని ఇంటికి నడుస్తా ఊరికే నవ్వుతాండె, ఎదురొచ్చినోళ్లందరికీ చెప్తాండె. "ఇంగ ఒకరి చేని గెనెం మీద నిలబడి పని అడిగే పని లేదు మాకు" అనె. పుట్టినప్పటి నుంచి పరాయి చేన్లల్లో వంగి పని చేసిన మనిషి. ఆమె సంతోషం చూసి నాకు గూడా కడుపు నిండినట్లాయె.

మా మామ మాత్రం గట్టు తట్టే చూస్తాండె. ఆ నాలుగెకరాల్లోనే పిట్ట గుడ్డు పెట్టేది.

ఊరి పెద్దరెడ్డి పుల్లయ్య ముందే చెప్పిండె, ఈ వానకు దున్ని విత్తకపోతే ఆ భూమి ఇంకొకరికి పోతాదని. ఆరుద్ర కార్తెలో వాన పడె. మా మామ దాసన్న దగ్గర మడక, ఎద్దులు అడుక్కుని దున్నేదానికి పాయె. కింద నుంచి దున్నుకుంటా పైకి పోతే పిట్ట గుడ్డు మీద కూర్చోని ఉండె. మనిషిని చూసి కదల్లేదంట. "ఎద్దుల ముక్కుకు మూరెడు దూరంలో ఉండాది, అయినా లేవలే" అని మా అమ్మకు చెప్పి చెప్పి పొంగిపాయె. చుట్టూ కళ్లమంత జాగా వదిలి మిగతాది దున్నినాడు. అది ఎవరూ దాటకుండా చుట్టూ రాళ్లు పేర్చి, దూరానికి తెలిసేదానికి వాటికి సున్నం పూసినాడు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఈడనే. ఈ ఊర్లో పుట్టి, ఈ ఊర్లో పెరిగి, సున్నం పూసిన రాయి బయట పెడితే ఏమైతాదో తెలీకపాయెనా ఆ మనిషికి? మావోళ్లకు తెల్లరాయి కనపడితే చేతులు ఊరికే ఉంటాయా?

ముందు రామేశ్వరమ్మ చూసె. బిడ్డకు జ్వరమని బెంగ మీదుండె, కట్టెలకు పోతా ఆ రాళ్లు చూసి పసుపు పూసి బొట్టు పెట్టి మొక్కుకునె. జ్వరం తగ్గె. తగ్గే జ్వరం గాబట్టి తగ్గింటాది. శుక్రవారానికి ఊర్లో ఆడోళ్లంతా టెంకాయలు, పూలు పట్టుకుని గట్టెక్కినారు, ముందర డప్పు. నేనూ పోయినా, మా అమ్మ ఎనకాల. మా మామ కింద నుంచి ఉరుక్కుంటా వచ్చి చేతులు అడ్డం పెట్టె. "అమ్మవారు లేదు, ఏమీ లేదు, ఆడ పిట్ట ఉండాది, పోవద్దండి తల్లీ" అని బతిమిలాడె. "అమ్మే పిట్ట రూపంలో వచ్చిండాదంట" అని ఇంగా గట్టిగా కొట్టినారు డప్పు. పిట్ట లేచె. అంత పెద్ద పిట్ట లేస్తే రెక్కల చప్పుడు మా అందరికీ వినపడె. ఆడోళ్లు దండాలు పెట్టినారు. అది తూర్పుగా పోయి కనపడకుండా పాయె.

మళ్లా రాలే. గుడ్డు చల్లబడి, మర్నాటికి కాకులు పొడిచినాయి. మా మామ ఆ పెంకుల పక్కన కూర్చోని పొద్దంతా లేవలే. నేను సద్ది తీసుకపోతే తినలే. "నా చేతులతోనే చేసినా గదే" అన్నాడు. అంత పెద్ద మనిషి అట్ల ఏడుస్తే నేను యాడ చూసేది? తిరుక్కుని వచ్చేసినా.

ఆ ఏడు బుడ్డలు బాగానే పండె. అత్త పిల్లలకు కొత్త గుడ్డలు కుట్టించె. సున్నం రాళ్ల కాడ పిట్టమ్మ అని పేరు పెట్టి చిన్న కట్ట కట్టినారు. ఏడాది తిరిగేతలికి మళ్లా తొలకరి. పిట్టలు బీటి అంచున తిరుగుతాండాయని మా మామ కనిపెట్టె. ఇంగ ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. ఒక పొద్దు చావిడి ముందర పెద్దలు కూర్చోనుంటే పోయి నిలబడి, పుల్లతో నేల మీద గీతలు గీసినాడు. "రెడ్డీ, ఇది గట్టు. చింతల వంక నుంచి జంటబండ దాకా ఈ పైభాగం వదిలేద్దాం. వాన పడినప్పటి నుంచి దసరా దాకా ఎవరూ పోగూడదు. బండ్లదావ ఇట్ల కిందికి తిప్పుకుందాం. కిందంతా దున్నుకోండి. మొన్నటిదాకా బీడు కట్టినట్లే, కొంచెమే కడదాం" అన్నాడు. జన్మలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడిన మనిషి గాదు.

పుల్లయ్య చెడ్డోడు గాదు, నవ్వినాడంతే. "పిట్టకు పట్టా ఇమ్మంటావేమప్పా ఈరన్నా? అది నీ భూమి, చేసుకుంటే చేసుకో. లేదంటే వదిలెయ్, దానికోసం కాసుకోనుండోళ్లు శానామంది ఉండారు" అన్నాడు. కూర్చున్నోళ్లంతా నవ్వినారు. మా మామ చేతిలో పుల్ల పారేసి ఇంటి దోవ పట్టె. తాను దున్నినా పిట్టకు చోటు లేదు, తాను వదిలినా ఇంకొకడు దున్నుతాడు. అత్త బాయి నుంచి కడవ ఎత్తుకుని వస్తా అంతా వినె. ఇంటికి పోయి రొట్టెలు కొట్టె.

తర్వాత వచ్చిన శుక్రవారం, దుక్కికి ముందర, పిట్టమ్మకు పొంగలి. పొద్దున్నే ఊరంతా గట్టు మీదుండె. మా భీమమ్మత్త ఎట్లాంటిదంటే, దేవర ఒంటి మీదికి వచ్చి ఊగేవాళ్లను చూసి "పని లేనోళ్లు" అని మూతి తిప్పే మనిషి. ఆ పొద్దు డప్పు మోగుతాండంగానే ఆమె కొప్పు ఇప్పుకుని ముందరికి వచ్చె. కండ్లు మూసుకుని ఊగె.

"నా గట్టున మడక పెట్టొద్దు" అనె. గొంతు మా అత్తది మాదిరి లేదు. "వాన పడినాంక దసరా దాకా నా పక్కకు మనిషి రావొద్దు, గొడ్డు రావొద్దు, డప్పు రావొద్దు."

పుల్లయ్య తలగుడ్డ తీసి చేతులు జోడించె. "యాడి నుంచి యాడికి తల్లీ?"

"చింతల వంక నుంచి జంటబండ దాకా. బండ్లదావ కిందికి తిప్పుకోండి."

మా మామ నా పక్కనే ఉండె. ఆయన మొహం నేను చూసినా. అందరి మాదిరే ఆయన గూడా చేతులు జోడించె.

ఆ ఏడు ఎవరూ గట్టెక్కలే. ఏమి ధైర్యముండాది ఎక్కేదానికి. అప్పటికి పంచేది అయిపోయింది, మా మామోళ్లకు మారు భూమి ఎవరూ ఇయ్యలే. పుష్యమి కార్తెలో నేను, మామ, అత్త కూలికి పోతా కింద దోవలో నిలబడి చూసినాం. పిట్ట నడుస్తాంటే ఎనకాల ఒక పిల్ల, గడ్డిలో ఒకసారి కనపడతా ఒకసారి మునిగిపోతా. మామ చెయ్యి పైకెత్తి చూపించబోయి, అది బెదురుతాదని దించుకునె. అట్లాంటి పొద్దు నాకు మళ్లా రాలే. తర్వాత శానా ఏండ్లు పిట్టలు ఆ గట్టు మీదనే పిల్లలు చేసినాయి. ఆ తర్వాత కాలువలొచ్చె, బోర్లొచ్చె, పిట్టమ్మ భయం గూడా పాయె. అదింకో కథ, చెప్పాలంటే నాకు కోపమొస్తాది.

మామ పోయినాంక ఒకపొద్దు అత్త, నేను పరాయి చేన్లో కలుపు తీస్తాంటిమి. అప్పటికి ఆమె నడుము వంగిపోయిండె, అయినా కూలికి వచ్చేది. చాన్నాళ్ల నుంచి కడుపులో ఉన్న మాట అడిగేసినా. "అత్తా, ఆ పొద్దు గట్టు మీద నీ ఒంటి మీదికి నిజంగా అమ్మే వచ్చిండెనా?"

ఆమె కలుపు తొలికకు అంటుకున్న మన్ను రాలగొట్టుకుంటా అనె: "అమ్మ వచ్చింటే కోడినో పొట్టేలునో అడుగుతాది గదే. నేను ఒకరినేమన్నా అడిగితినా? నా భూమి నేను ఇచ్చుకుంటి."