చేతులెత్తే సభకు ఎల్లారెడ్డి ప్రయాణం

పోచారం ప్రాజెక్టు చూడాలని బడి సెలవుల్లో సికింద్రాబాదు నుంచి బయలుదేరి, పొద్దెక్కేసరికి కామారెడ్డి స్టేషనులో దిగాను. చాయ్ తాగి, పోచారం దారిలో బస్సు మారాల్సిన ఎల్లారెడ్డి ఊరికి బస్సు ఎక్కాను. యుద్ధం రోజులు కనుక బస్సు బొగ్గు మీద నడుస్తోంది. వెనకనున్న పొయ్యి రాజుకుని, అది కదలడానికి ఒప్పుకునేసరికి తొమ్మిది దాటింది.

డ్రైవరు పక్క సీటులో కామారెడ్డి దొరగారు కూర్చున్నారు. పెట్రోలు దొరకక మోటారు ఇంట్లోనే పడి ఉందట. ఆయన శాసనసభ మాజీ సభ్యులు. సర్కారు పిలిచి కూర్చోబెట్టింది, కొన్నేళ్ళకు సర్కారే లేపి ఇంకొకరిని కూర్చోబెట్టింది. ఆ సభలో ఆయన మాట్లాడింది ఒక్కసారేనట.

"ఏం మాట్లాడారు దొరవారూ?" అని అడిగాను.

"పంఖా తిప్పుమన్న. జెర సేపటికి తిప్పిన్రు."

అంతటి విజయం ఆ సభలో ఇంకెవరికీ దక్కి ఉండదు.

ఇప్పుడు పట్నంలో ఆ శాసనసభ బదులు కొత్తగా పెద్దసభ పెడుతున్నారు. దానికి తాలూకా రైతులు చేతులెత్తి ఒకరిని ఎన్నుకోవాలి. ఆ ఎన్నిక ఈ మధ్యాహ్నమే ఎల్లారెడ్డిలో, దొరగారూ పోటీలో ఉన్నారు.

"సర్కారు ఇచ్చిన కుర్చీ సర్కారే గుంజుకున్నది. జనం ఇస్తే ఎవడు గుంజుతడు పంతులూ?" అన్నారాయన. ఆ గొంతులో నిజంగానే ఆశ ఉంది. నవ్వబోయి ఊరుకున్నాను.

"మరి వాళ్ళను అడిగారా?"

"అడుగుడేంది? సుంకరితోని కబురు పంపిన, అందరు రావాలె అని."

ఆ పల్లెల్లో ఊరి నౌకరు సుంకరి కబురు తెచ్చాడంటే, దొర వెట్టిచాకిరికి పిలిచారనే లెక్క. ఎల్లారెడ్డిలో దిగి చూస్తే, తాలూకా కచ్చేరి ముందు రైతులు గడ్డిమోపులతో వచ్చి ఉన్నారు. ఒక ముసలాయన కోడిని కూడా తెచ్చాడు. పోటీలో ఉన్న బీడీ ఆకు వ్యాపారి వాళ్ళ మధ్యే జంపఖానా మీద కూర్చుని ముచ్చట పెడుతున్నాడు. దొరగారిని చూడగానే అందరూ లేచి, భుజం మీది తువ్వాళ్ళు దించి, చేతులు కట్టుకున్నారు.

"దొరవారు కావాలన్నోళ్ళు చేతులెత్తుండ్రి," అన్నాడు కచ్చేరి గుమాస్తా.

ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్ళీ అడిగాడు. కట్టుకున్న చేతులు ఇంకా బిగిశాయి. దొరగారు కళ్ళెర్రజేసి చూశారు. దాంతో తలలు కూడా వంగాయి.

ఆయన విసురుగా రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. గుమాస్తా వ్యాపారి పేరు చదివాడు. జనం హాయిగా కూర్చుని చేతులెత్తారు. ముసలాయన కోడితో సహా ఎత్తాడు.

సభ ముగిశాక ఆ ముసలాయన, నాగిరెడ్డిపేట ఎంకయ్య, రోడ్డు మీద దొరగారికి ఎదురుపడ్డాడు.

"ఏందిరా ఎంకయ్యా, నీ చెయ్యికి ఏమైంది?"

"మీ ముంగట చెయ్యెట్ల లేపుతం, బాంచెన్? మీ నాయిన పెద్దదొర దినాలసంది లేపలే. తప్పు గాదా?"

ఆ ముఖంలో ఉన్నది భయమో, మరొకటో నాకు అంతుపట్టలేదు. కోడిని మాత్రం దొరగారి కాళ్ళ దగ్గర పెట్టలేదు. చంకలో పెట్టుకుని నడిచిపోయాడు.

ఈ గొడవలో పోచారం వైపు బస్సు కాస్తా వెళ్ళిపోయింది. వచ్చిన పని కాకుండానే తిరుగు బస్సుకు నిలబడ్డాను. దొరగారూ పక్కనే నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని. పొగ కక్కుకుంటూ బస్సు వచ్చింది. తనను చూసి అదే ఆగుతుందని ఆయన ధీమా. అది ఆగే వాలకం కనబడలేదు.

"చెయ్యెత్తాలి దొరవారూ," అన్నాను.

నన్ను ఒకసారి చూసి, మెల్లగా ఎత్తారు. బస్సు ఆగింది.

ఎల్లారెడ్డి వెళ్ళేవారు బస్సు వేళలు ముందే కనుక్కోండి, అన్నం మూట వెంట ఉంచుకోండి. పోచారం సంగతి చూసినవాళ్ళను అడగండి. నేను చూసి వచ్చింది ఒక ఎన్నిక. అందులో దొరగారి కోసం లేచిన చెయ్యి ఒక్కటే, అదీ ఆయనదే, బస్సు కోసం.