నేను పాడని పాట

దయ్యాలు, గాలి సోకుడు, ఇసొంటివి నేను ఎన్నడు నమ్మలే. మా తల్లిగారింట్ల తాతల కాలం నుంచి క్రైస్తవులమే. భయమైతే ప్రార్థన చేసుకోవాలె, అంతే అని పెంచిన్రు. అందుకే ఇది చెప్పాలంటే నాకే ఇబ్బందిగ ఉన్నది.

మాది మొయినాబాద్ దగ్గరి పల్లె. చిన్నప్పటిసంది చర్చిల పాట ఎత్తుకునేది నేనే. నా ఎనుక అందరు అందుకునేటోళ్లు. రెండేండ్ల కింద థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతు గూడ పోయింది. ఒక దిక్కు నరం పనిచేస్తలేదు, ఇగ ఇంతే అన్నడు డాక్టర్. నోరు తెరిస్తే గాలే వస్తది, గుసగుస లెక్క.

చేవెళ్ల బస్సుల టికెట్ అడిగితే, చెవిటిదాన్ననుకొని కండక్టర్ గట్టిగ అరిచేటోడు. బస్సంత నా దిక్కే చూసేది. అదన్న ఓర్చుకున్న గని, చర్చిల తల ఎత్తలేకపోయిన. దేవుడిచ్చిన గొంతు దేవుడే ఎందుకు తీసుకున్నడో అని ఆడోళ్లు నాకు వినపడేటట్టే అనుకునేటోళ్లు. నా ప్రార్థనలనే ఏదో లోపమున్నదని నాకు గూడ అనిపించేది. అయినా పోవుడు మానలే. మూలకు కూసొని, పాట వచ్చినప్పుడు ఉత్తగ పెదాలు కదిలిచ్చేదాన్ని.

మొన్నటి వానకాలం ఒక ఆదివారం, ఆరాధన నడుస్తుండంగ కరెంటు పోయింది. మైకు లేదు, కీబోర్డు లేదు. అందరు ఉత్త గొంతుతోనే పాడుతున్నరు. నేను ఎప్పటిలెక్కనే పెదాలు కదిలిస్తున్న. ముందు వరసల మార్తమ్మవ్వ ఎనుకకు తిరిగి చూసింది. తర్వాత పక్కోళ్లు చూసిన్రు. ఒక్కొక్కరు పాడుడు ఆపుతున్నరు. కొంగు జారిందేమో అనుకొని సర్దుకున్న.

పాట అయిపోయినంక అవ్వ వచ్చి నా చేతులు పట్టుకున్నది. "నీ గొంతు మళ్ల వచ్చింది బిడ్డా" అని ఏడ్చింది.

నాకైతే ఏం వినపడలే. ఆపరేషన్ అయినసంది మెడ మీద చెయ్యి పెట్టుకునుడు నాకు అలవాటు. అప్పుడు గూడ చెయ్యి అక్కడనే ఉన్నది. గొంతు లోపల ఏం అదరలే.

అందరు కలిసి భ్రమపడ్డరనుకుందామంటే, బయట పూలమ్మే లక్ష్మక్క ఉన్నది. ఆమె చర్చి మనిషి కాదు. లోపల ఏమైందో ఆమెకు ఎవరు చెప్పలే. నేను బయటికి రాంగనే, చాన దినాలకు పాడినవ్ అన్నది.

తర్వాతి ఆదివారం దేవుడు చేసిన మేలును అందరికి సాక్ష్యంగ చెప్పమని పాస్టరమ్మ నన్ను ముందుకు పిలిచింది. మైకు పట్టుకుంటే గాలే వచ్చింది. అందరు తలలు దించుకున్నరు. అంత మంది ముందల దొంగతనం చేసి దొరికినట్టయింది నాకు. ఎట్లనో బలం తెచ్చుకొని, నేను పాడలే అని చెప్పిన.

"మరి మేం విన్నది ఎవలను?" అన్నది మార్తమ్మవ్వ. కోపం లేదు, నిజంగనే అడిగింది.

దవాఖానకు పోయి మళ్ల చూపించుకున్న. ఆ నరం అట్లనే ఉన్నదన్నరు.

ముందుగాల గొంతు ఇయ్యమని ప్రార్థించేదాన్ని. ఇప్పుడు గొంతు లేకున్నా నీ ముందల నిలబడే బలం ఇయ్యి అని అడుగుతున్న. ప్రతి ఆదివారం పోతున్న, పెదాలు కదిలిస్తున్న. పాట అయిపోయినంక పక్కోళ్ల మొఖం చూడను. ఇయ్యాల గూడ విన్నరా అని అడగాలని ఉంటది, అడగను. వినలే అంటే సిగ్గు. విన్నం అంటే ఇంకా సిగ్గు. ఆ పాట ఎవరిదో నాకు ఇప్పటికీ తెల్వదు.