ఆమేన్ అనని పెద్దమనిషి

వానను, ఎండను ఒకే చేత్తో పంపే దేవునికి స్తోత్రం.

ఎనభైల మొదట్లో అరిజోనా ఎడారిలో మా బస్సు ఒక చిన్న ఊళ్లో గంటసేపు ఆగింది. అక్కడే పుట్టి పెరిగిన ఒక ముసలాయన నాకు ఊరంతా చూపించాడు. వెండి గని మూతపడ్డాక జనం వెళ్లిపోయారట. పచ్చి ఇటుకల జైలు, బడి, కప్పు లేని చర్చి మాత్రం మిగిలాయి. ఆ గోడలకు ఏటా ఆయనే మట్టి మెత్తుతాడు.

నేను సంఘంలో వాక్యం చెబుతానని విని, "బ్రదర్, ఈ గోడలు నేను పోయేదాకైనా నిలబడాలని ప్రార్థన చేయండి" అన్నాడు.

మాది ప్రకాశం జిల్లా మెట్ట ఊరు. ఏ ప్రార్థననైనా వాన అడిగి ముగించడం మా సంఘం అలవాటు. కళ్లు మూసుకుని గోడల కోసం అడిగాక, చివర్లో ఆకాశపు తూములు విప్పి ఆ నేలను వారం రోజులు తడపమని కన్నీళ్లతో అడిగాను. ఆమేన్ వినబడలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన మబ్బుల కోసం వెతుకుతున్నాడు.

"మీ ప్రార్థనలు దేవుడు వింటాడా, బ్రదర్?"

"తప్పకుండా వింటాడు."

"అయితే ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. అంత వాన పడితే మా ఊరి చరిత్రంతా బురదే."

ఇద్దరం మోకరించి వాన వద్దని వేడుకున్నాం. దానికి ఆయన రెండుసార్లు ఆమేన్ అన్నాడు.

వాన అడిగిన నా మొదటి ప్రార్థనకు ఇంకా జవాబు రాలేదనుకుంటాను. వచ్చేలోగా, ప్రియ సహోదరులారా, ఆ ఊరికి వాన వద్దని మీరూ నాతో కలిసి ప్రభువును అడగండి.