ఖాళీ రోడ్డు మీద చిలకమ్మ

చిలకమ్మ వాళ్లింటికి టీవీ వచ్చిన రోజు మా లైన్లో ఎవరూ వేళకి అన్నం తినలేదు. అది ఎనభై ఆరో సంవత్సరం. టాటానగర్ దగ్గర బర్మామైన్స్‌లో మేముండే రైల్వే క్వార్టర్ల వరుసలో అదే మొదటి టీవీ. చిలకమ్మ తండ్రి పోలరాజు మామ టాటానగర్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన కప్పెక్కి యాంటెన్నా తిప్పుతూ "బొమ్మొచ్చిందేటి?" అని కేకేస్తుంటే, కింద నుంచి అందరం ఒక్కసారే "లేదు, లేదు! ఇంకాస్త సాక్చి వైపు!" అని అరిచాం. బొమ్మ కుదురుకోగానే చిలకమ్మ తెర ముందు కూర్చుంది. కొన్ని నెలలపాటు అక్కణ్ణించి లేవలేదనే చెప్పాలి.

మా ఇద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి. చిలక అంటే ఏమిటో తెలిసిన దగ్గర్నుంచి హిందీ పిల్లలు ఆమెను 'తోతా' అనేవారు. అయితే పరుగుపందెంలో ఆ తోతాని పట్టుకున్నవాళ్లు లేరు. అలాంటి పిల్ల ఇప్పుడు బడి వదలగానే టీవీకి అతుక్కుపోయేది. రైతులకి ఎరువుల సంగతి చెప్పే కార్యక్రమాన్ని కూడా వదిలేది కాదు. దాని ఫలితం ఆ ఏడు చలికాలంలో కనబడింది. లెక్కల్లో తప్పింది. బడి ఆటలపోటీల్లో ఆఖరి చుట్టుకి వచ్చేసరికి, పరిగెత్తలేక, అందరూ చూస్తుండగా నడిచింది.

పీటీ సారు తిట్టలేదు. దగ్గరికొచ్చి "క్యా హువా, తోతా?" అని, ఏమైందని మాత్రం అడిగారు. ఇంటికి నడిచి వస్తుండగా చిలకమ్మ నాతో అంది.

"ఇంక నేను టీవీ చూడనే."

నాకు నవ్వొచ్చింది. "మీకున్నది ఒక్క గది. టీవీ ఆ గదిలోనే ఉంది. కళ్లు మూసుకుని కూర్చుంటావేటి?"

"అటు తిరిగి కూకుంటాను."

మాటవరసకి అందనుకున్నాను. ఆ సాయంత్రం వెళ్లి చూస్తే నిజంగానే అటు తిరిగి కూర్చుంది. లైన్లో జనమంతా ఆ గదిలో ఒకరినొకరు తోసుకుంటూ తెర వైపు చూస్తుంటే, చిలకమ్మ ఒక్కతే మూల గోడకి ఎదురుగా, ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని ఉంది. అందరూ ఒక్కసారిగా నవ్వినప్పుడు ఆమె మెడ కొద్దిగా కదిలేది. అంతే, వెనక్కి తిరిగేది కాదు. ఆ మెడ వంకే చూస్తూ నేను ఆ రోజు సినిమా ఏమిటో కూడా మర్చిపోయాను.

వాళ్లమ్మ దాలమ్మత్తకి కోపం వచ్చింది. "ఊరోళ్లంతా మనింటికొచ్చి చూత్తంటే నువ్వు గోడకేసి చూత్తావేటే? దిష్టి తగిలిందేటి నీకు?"

"నహీ దేఖ్‌నా, మా," అంది చిలకమ్మ హిందీలో. చూడనంటే చూడను, అంతే.

మామకి కోపం రాలేదు. మనసు నొచ్చుకుంది. "నీకోసమే కదే తెచ్చినాను. తీసీమంటావేటి?"

"వద్దు నాన్నా. మీరు చూడండి. అది ఎదురుగా ఉంటే నా కాళ్లూ బుర్రా రెండూ దానికాడికే ఎల్లిపోతన్నాయి. అందుకే నేను పక్కకి తప్పుకుంటన్నాను."

తర్వాత ఆమె పుస్తకాలు తీసుకుని వెనక వసారాలోకి, బొగ్గుల పొయ్యి పక్కకి మారిపోయింది. పుస్తకాల అంచులకి మసి అంటేది. తెల్లవారకముందే లేచి పరిగెత్తడం మొదలుపెట్టింది గానీ, ఆ వేళకే ఉక్కు కంపెనీ షిఫ్టు సైకిళ్లు, లారీలు రోడ్డు నిండా ఉండేవి. పదడుగులకోసారి ఆగి పక్కకి తప్పుకోవాలి. ఆగకుండా పరిగెత్తడానికి ఆమెకి చోటు దొరకలేదు.

ఆ చోటు చివరికి టీవీయే ఇచ్చింది. ఎనభై ఏడులో ఆదివారం పొద్దున్న పురాణ కథ వేయడం మొదలైంది. ఆ వేళకి రిక్షావాళ్లు కూడా రిక్షాలు వదిలేసి ఎవరో ఒకరి కిటికీ దగ్గర నిలబడేవారు. అంత రద్దీ రోడ్డూ బోసిపోయేది. ఆ రోడ్డు మధ్యలో చిలకమ్మ చెప్పుల్లేకుండా స్టేషన్ దాకా వెళ్లి తిరిగి వచ్చేది.

"కథ పోతందని బాధ లేదా?" అని అడిగితే నవ్వింది. "ఇంటింటి కిటికీలోంచీ వినబడతాది. చెవులు మూసుకుని పరిగెట్టలేను కదే."

ఒక ఆదివారం పోలరాజు మామకి డ్యూటీ దిగడం ఆలస్యమైంది. ఆయన బదులు రావలసిన మనిషి ఎక్కడో టీవీ ముందు కూర్చుండిపోయాడు. కథ అయిపోతుందన్న ఆత్రంతో మామ సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే, ఎదురుగా ఖాళీ రోడ్డు మీద ఎవరో ఆడపిల్ల పరిగెత్తుకుంటూ వస్తోంది. ఎవరి పిల్లోనని ఆయన సైకిల్ దిగాడు. తన కూతురని పోల్చుకునేలోపే ఆమె పక్కనుంచి దాటిపోయింది.

"నాన్నా, బేగి ఎల్లు! కతైపోతంది!" అని అరిచింది, ఆగకుండానే.

ఆయన వెళ్లలేదు. ఆమె తిరిగి వచ్చేదాకా సైకిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడట. ఇంటికొచ్చాక టీవీ ఎదురుగా ఉన్నా దాని వంక చూడలేదు. "దాలమ్మా, మన పిల్ల పరిగెట్టడం నువ్వెప్పుడైనా చూసినావేటి? నాను ఈయాల చూసినాను. ఇన్నేళ్లు రైళ్లు చూసినోణ్ణి, అలగ పోయేది ఏదీ చూళ్లేదే," అన్నాడు. గదిలో ఉన్నవాళ్లందరూ తెర వదిలి ఆయన మొహం చూశారు.

మరుసటి ఆదివారం ఆ వేళకి దాలమ్మత్త గుమ్మంలో నిలబడింది. ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లూ బయటికొచ్చారు. చిలకమ్మ మలుపు తిరిగి వచ్చేసరికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె ఊపిరి మాకు వినబడింది. దాలమ్మత్త చెయ్యి పైకెత్తి, ఏం చెయ్యాలో తెలియక, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చలికాలం రాంచీలో బీహారు రాష్ట్ర బడుల పోటీలు. పదిహేనువందల మీటర్లు. మామతో నేనూ వెళ్లాను. హాస్టళ్లలో ఉండి రోజూ సాధన చేసిన కొండప్రాంతపు ఆడపిల్లలు వచ్చారు. గీతల మధ్య మట్టి మీద చిలకమ్మ మొదట అందరికన్నా వెనక ఉంది. ఆఖరి చుట్టులో ఏమైందో నాకిప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఆమె వేగం పెంచినట్టు కనబడలేదు. మిగిలినవాళ్లే ఒక్కొక్కరూ ఆగిపోతున్నట్టుంది. చివరికి ఒక్క పిల్ల మాత్రం ముందు మిగిలింది. ఆ పిల్ల గెలిచింది. జానెడు వెనక చిలకమ్మ.

పక్కనున్న ఎవరో మామని "కిస్‌కీ లడ్కీ హై?" అని అడిగారు. ఎవరి అమ్మాయి అని. మామ రెండు చేతులతో తన గుండెల్ని చూపించుకున్నాడు.

మెట్రిక్‌లో చిలకమ్మకి ఫస్ట్ డివిజన్ వచ్చింది, లెక్కల్లో మా తరగతి మొత్తానికి ఎక్కువ మార్కులతో. తర్వాత రైల్వేవాళ్లు ఆటల కోటాలో పిలిచి టాటానగర్ బుకింగ్ ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. పొద్దున్న డ్యూటీ అయితే, పరుగు ముగించి స్నానం చేసి తడిజుట్టు ముడేసుకుని కౌంటర్లో కూర్చునేది. టికెట్ కోసం వరుసలో నిలబడ్డ జనంలో ఎవరికీ ఆ పిల్ల అప్పటికే ఎంత దూరం వెళ్లి వచ్చిందో తెలిసేది కాదు.