ఎలెన్ దొరసాని తెల్ల పావడ

ప్రొద్దుటూరు దర్జీ సిరాజుద్దీన్ బట్టలు కుట్టని రాణి చుట్టుపక్కల ఏ నాటకంలోనూ లేదు. అందరూ అతని అంగట్లో చేతులు చాచి నిలబడి కొలతలిచ్చినవాళ్లే. కాకపోతే రాణులందరికీ మీసాలుండేవి. ఒకసారి ఏడుపు సీనులో రాణి రవిక వీపున పిగిలిపోతే, సిరాజుద్దీన్ సింహాసనం వెనకకు పాకుతూ పోయి, ఆమె శోకాలు పెడుతుండగానే కుట్టేశాడు. సూది గుచ్చుకున్నప్పుడల్లా రాణి ఏడుపు బ్రహ్మాండంగా కుదిరిందని జనం మెచ్చుకున్నారు.

అటువంటి మనిషికి కూడా, ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండో ఏట, ఒక పావడను చూసి సిగ్గేసింది.

దాన్ని తెచ్చింది ఎలెన్ దొరసాని. జమ్మలమడుగులో నర్సుగా పనిచేసి, ఆ తాలూకాలో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. ఉద్యోగం చాలించి నెలాఖరుకు ఓడెక్కి తన సొంత దేశానికి పోతోంది. రేకుపెట్టె తెరిచి, దోమతెరను పొరలు పొరలుగా పేర్చినట్టున్న తెల్ల పావడను బల్లమీద పెట్టింది. అక్కడక్కడ ఎలుకలు కొరికాయి.

"మా అమ్మదప్పా ఇది. మా దేశంలో స్టేజీ మీద నాట్యం చేసేది. అమ్మది అంటూ నాకు మిగిలింది ఇదొక్కటే. బాగు చేసిస్తావా?"

సిరాజుద్దీన్ ఎత్తి చూశాడు. మోకాళ్లు దాటేట్టు లేదు. "కింద గుడ్డంతా ఎలుకలే తినేసినాయా అమ్మా?"

దొరసాని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ల్యాదప్పా, అదంతే. మా అవ్వ కాలంలో పాదాల పైదాకా ఉండె, గంట మాదిరి. కాళ్ల పనితనం కనపడాలని అమ్మ కాలానికి మోకాళ్లకు ఎక్కిచ్చిరి. ముసిలోళ్లు శానా తిట్టినారంట."

తర్వాత ఆమె నవ్వు తగ్గింది. స్టేజీ అంచున గ్యాసు దీపాలుండేవనీ, ఈ గుడ్డకు నిప్పు తగిలితే ఆపేవాళ్లు లేరనీ చెప్పింది. పటిక నీళ్లలో ముంచితే అంటుకోదు. కానీ గుడ్డ రంగు మారి బిరుసెక్కుతుందని నాట్యం చేసే ఆడపిల్లలు ఒప్పుకునేవాళ్లు కాదు. "అమ్మ స్నేహితురాలు అట్లనే కాలిపాయ. అమ్మ మళ్లీ స్టేజీ ఎక్కల్యా. దీన్ని మాత్రం పారెయ్యల్యా."

సిరాజుద్దీన్ ఆ పావడను నీళ్లలో ముంచలేదు. సాలెవాళ్లు మగ్గం మీది పడుగు దారాలకు పట్టించినట్టు పల్చటి గంజిని చిలకరించాడు. దోమతెర గుడ్డ కత్తిరించి చిరుగులకు అతుకులు వేశాడు. పొరలన్నీ మళ్లీ పువ్వులా విచ్చుకున్నాయి.

నడుంపట్టీ లోపల మాత్రం నల్లటి గీతలు కనిపించాయి. అవేమిటో దర్జీకి ఒకరు చెప్పాలా? జీడిగింజ రసంతో పెట్టిన చాకలి గుర్తు. ఉతికితే పోదు, చూస్తే అసహ్యం. ఊరు విడిచిపోయే పెద్దమనిషికి చాకలి గుర్తున్న బట్ట చేతికివ్వడం అతనికి చిన్నతనంగా తోచింది. పట్టీ కోసేసి, కొత్త సాటిను పట్టీ వేశాడు. ఇది అడగకుండా చేసిన మర్యాద.

"పెండ్లికూతురి మాదిరి ఉండాది," అంది అతని భార్య లాల్‌బీ.

దొరసాని వచ్చి చూసి మురిసిపోయింది. ఒక్కో పొరనూ వేలితో ఎత్తి చూసింది. ఆఖరున నడుము తిరగేసి ఆగిపోయింది.

"ఈడ పేరుండె."

"పేరా అమ్మా?"

"అమ్మ పేరు. అందరి పావడలూ ఒకే మాదిరి ఉంటాయని, మారిపోకుండా అమ్మే రాసుకునింది."

సిరాజుద్దీన్ కొత్త పట్టీని వేళ్లతో తడిమాడు. "నాకు ఇంగ్లీషు రాదు, చాకలి గుర్తనుకుంటినమ్మా."

"ఆ ముక్క యాడుండాది?"

అంగట్లో ఊడ్చిన ముక్కలన్నీ, జిడ్డు తుడుచుకోడానికని, పక్క సైకిలుషాపు నారాయణకు లాల్‌బీ ఇస్తుంది. సిరాజుద్దీన్ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

"ఏం మామా, ఇచ్చిన పేలికలు వాపసు అడుగుతాండావే. ఎవుని చొక్కా పొట్టిగా కుట్టినావు?" అన్న నారాయణ, అతని ముఖం చూసి నవ్వు ఆపేశాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని వెదికారు. పట్టీ దొరికింది. దానితో అప్పటికే చైను తుడిచారు. ఈ కొసనుంచి ఆ కొసకు ఒకటే నలుపు.

"కిరసనాయిల్లో ముంచితే జిడ్డు పోతాది మామా."

"రాత గూడ పోతాదప్పా. ఇంగ దాన్ని ముట్టుకోవద్దు."

దొరసాని దాన్ని వాకిట వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఒక్క అక్షరం కనబడలేదు.

"పేరు కాగితం మీద రాసియ్యండమ్మా. దారంతో అట్లనే కుట్టిస్తా," అన్నాడు సిరాజుద్దీన్.

"ఆ రాత అమ్మదప్పా. నేను రాస్తే అది నా రాత అయితాది."

జిడ్డు పట్టీని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. పావడ ఉన్న పెట్టెను చంకన పెట్టుకుని, గడప దగ్గర ఆగి, "అతుకులు బాగా కుదిరినాయి," అని, జమ్మలమడుగు బస్సుకు పోయింది.

అప్పటినుంచి పాత బట్ట ఏది వచ్చినా సిరాజుద్దీన్ తిరగేసి, మరకా గుర్తూ చూపించి, "ఇది ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడిగేవాడు. పల్లెలనుంచి వచ్చే రైతులు పగలబడి నవ్వేవాళ్లు. "చాకలి గుర్తుకు గూడ పర్మిషనా సాయిబూ?" అనేవాళ్లు. నవ్వనిచ్చి, మళ్లీ అడిగేవాడు. కోసిన ముక్కలను బట్టగలవాళ్లు వచ్చేదాకా గోతంలో దాచేవాడు. నారాయణ పేలికలు వేరేచోట చూసుకున్నాడు.

కొన్నేళ్లకు, మోకాళ్ల నొప్పులతో మిషను తొక్కలేక అంగడి మూసేస్తున్నప్పుడు, నారాయణ ఉండబట్టలేక అడిగాడు.

"ఆ దొరసాని నిన్ను ఒక్క మాటైనా తిట్టిందా మామా?"

"ల్యాదప్పా."

"మరేంది, ఇంగా మనసులో పెట్టుకోని తిరుగుతాండావు?"

"అదేనప్పా," అన్నాడు సిరాజుద్దీన్, కత్తెరను గుడ్డలో చుడుతూ. "ఒక్క మాట గూడ అనల్యా."