టైపు మాస్టారు రిసీవరెత్తిన ఉదయం

నిప్పు రాజేయడం, చక్రం దొర్లించడం తర్వాత మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో, టైపు మాస్టారు ఫోను రిసీవరెత్తి చెవికి ఆనించుకోవడాన్ని చరిత్రకారులు ఎందుకో వదిలేశారు. ఇంటికి ఫోను వచ్చిన కొత్తలో లైను ఊరికే చచ్చిపోయేది. అది బతికుందో లేదో చూడ్డానికి మొదలైన ఆనవాయితీ, లైను బాగుపడ్డాక కూడా ఆగలేదు. ఫోనున్న లోపలి గదిలోకి అడుగు పెడితే చాలు, చెయ్యి దానంతటదే రిసీవరు మీదికి పోయేది. గుయ్‌మని వినపడగానే లోకం సవ్యంగా నడుస్తోందన్న తృప్తితో పెట్టేసేవారు. ఎవరికీ ఫోను చేసేవారు మాత్రం కాదు.

టైపు నేర్చుకునేవాళ్ళు కరువై ముందుగదిలో మిషన్లన్నీ ముసుగుతన్ని పడుకున్నాయి. మాస్టారు వాటిలో సగం అమ్మేసి ఒక కంప్యూటరు కొన్నారు. గుమ్మం మీద "ఇంటర్నెట్టు నేర్పబడును" అని బోర్డు రాయించారు. భార్య అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు పెట్టింది.

"మొదటిరోజు వచ్చినవాళ్ళు రెండోరోజు కూడా వస్తే సరేనండీ. రాకపోతే ముందుగది బేకరీవాళ్ళకి ఇచ్చేద్దాం. కనీసం వాసనైనా బాగుంటుంది."

మొదటిరోజు ఇద్దరొచ్చారు. ఒకరు వీధి చివర బట్టలు కుట్టే అక్క, రెండోవారు ఉద్యోగం నుంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాత. మాస్టారికి తెలిసిన చదువు చెప్పే పద్ధతి ఒక్కటే, వల్లె వేయించడం. టైపులో వేళ్ళ వరస ఎలా వల్లె వేయించేవారో, ఇక్కడ మాటల్నీ అలాగే మొదలుపెట్టారు. చేతులు ఒళ్ళో పెట్టించి, కళ్ళు మూయించారు.

"మోడెమ్! కంప్యూటరు మాట ఫోను తీగకి అర్థం కాదు. తీగ మాట కంప్యూటరుకి అర్థం కాదు. ఇటుది అటూ, అటుది ఇటూ మార్చి చెప్పేది మోడెమ్. అనండి."

"మోడెమ్," అన్నారిద్దరూ.

"మా అత్తకీ నాకూ మధ్య మా ఆయన చేసే ఉద్యోగమే," అంది అక్క, కళ్ళు మూసుకునే. "కాకపోతే ఆయన సగం మింగేస్తాడు."

"ఇదీ అప్పుడప్పుడూ మింగుతుందమ్మా. సర్వర్! ఎక్కడో ఉండే ఇంకో కంప్యూటరు. పేజీలు దాని దగ్గరుంటాయి, మనం అడిగింది తీసి పంపిస్తుంది. బ్రౌజర్! వచ్చిన పేజీని మన తెర మీద పరిచి చూపించేది. లింకు! నీలంగా ఉండి కింద గీత గీసిన మాట. నొక్కితే ఇంకో పేజీకి తీసుకుపోతుంది. డౌన్‌లోడు! అక్కడున్నదాన్ని మన కంప్యూటర్లోకి దించుకోవడం."

"దించడానికి అదేమన్నా అటక మీదుందా?" అంది అక్క.

"అటకా లేదు, నిచ్చెనా లేదు. అలా అంటారంతే."

తాత ఒక కన్ను తెరిచి, తెర మీద మాస్టారు కొట్టిన అడ్రసు చూశాడు. "ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. మధ్యలో ఈ చుక్కలేంటి? నేనైతే ఈ ఉత్తరాన్ని వెనక్కి తిప్పి పంపేవాణ్ణి."

"చేరుతుంది పెద్దాయనా, చూస్తూ ఉండండి."

మోడెమ్ నంబరు తిప్పింది. కీచుమంది, బుసకొట్టింది, గులకరాళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించింది. తెర మీద పైనుంచి ఒక ఎర్రటి పూరేకు అంచు మెల్లగా దిగసాగింది. బేకరీ సంగతి గుర్తొచ్చి మాస్టారికి గొంతు ఎండింది. లోపలి గదికెళ్ళి నీళ్ళు తాగొచ్చేసరికి రేకు ఆగిపోయి ఉంది, లైను తెగింది. మళ్ళీ కలిపారు. ఈసారి రెండు రేకులు దిగాయి. మళ్ళీ గొంతు ఎండింది. మళ్ళీ తెగింది. మూడోసారీ అంతే.

"మాస్టారూ, ఈలోగా నేనెళ్ళి చొక్కాలకి కాజాలు కుట్టుకుంటాను," అని అక్క లేచింది. తాత కాళ్ళతోనే చెప్పుల కోసం వెతకసాగాడు.

అప్పుడు లోపల్నుంచి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, నీళ్ళు తాగడానికొచ్చి ప్రతిసారీ ఆ రిసీవరెందుకెత్తుతారు?"

"నేనా? ఎత్తలేదే!"

"మీ చెయ్యి ఎత్తింది. మీరు పక్కనే ఉన్నారు, చూళ్ళేదా? లోపల అది కీచుమంటుంటే మొహం చిట్లించి మరీ పెట్టేశారు."

మాస్టారు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు. ఇంటర్నెట్టు వచ్చేదీ ఆ తీగలోంచే. మధ్యలో రిసీవరెత్తితే తెగిపోతుందని పుస్తకంలో చదివారు, పరీక్ష పెడితే తప్పు లేకుండా రాసేవారు కూడా. చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"అయితే మింగింది మోడెమ్ కాదన్నమాట," అంటూ అక్క మళ్ళీ కూర్చుంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

భార్య ఫోను ముందు ముక్కాలిపీట వేసుకుని, కూరగాయలు తరుగుతూ కాపలా కూర్చుంది. మాస్టారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. రేకులు దిగాయి, కాడ దిగింది, ఆకులు దిగాయి, ఊపిరి బిగబట్టిన ముగ్గురి ముందు పూలకుండీ కూడా దిగింది. దాని కింద ఒక వాక్యం. మాస్టారు గొంతు సవరించుకుని చదివి చెప్పారు.

"ఈ పేజీ ఇంకా తయారవుతోంది. మళ్ళీ వచ్చి చూడండి."

తాత చెప్పులు తొడుక్కుంటూ, "రమ్మన్నాక రాకపోతే బాగుండదు. రేపెన్నింటికి మాస్టారూ?" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. పేజీ ఇంకా తయారవుతూనే ఉంది.